నలభై తొమ్మిదో గడి

ఐస్‌లాండ్ ఉత్తరపు అంచున, సిగ్లుఫ్యోర్దుర్‌లో,
నవంబరు మధ్య నుంచి సూర్యుడు కొండ దాటి రాడు.
వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ నాది.
మాత్రలు పంచడం పదింటికల్లా అయిపోతుంది.
ఆ తర్వాత తెల్లారేదాకా, ఆ తెల్లారని తెల్లారేదాకా,
నేనూ, నా లాప్‌టాపూ,
నిద్రపట్టని గుడ్‌ఫిన్నా.

ఆటలో ఒక కుటుంబం ఉంది. ఇంగ్లండులో ఎక్కడో
బిస్కెట్లు అమ్మి మేడలు కట్టిన కుటుంబం.
నలభై తొమ్మిది గడులు.
ఒక్కోదానికీ ఒక మొహం, ఒక పేరు, ఒక పని వెతికి పెట్టాలి.
చేతిలో ఉన్నవి పాత పేపర్లు, పెళ్లి ఫొటోలు, ఒక వీలునామా,
ఎవరో ఎవరికో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం.
మూడు గడులు ఒక్కసారి కుదిరితేనే
టక్‌మని తాళం పడుతుంది.
రెండే కుదిరితే చప్పుడుండదు,
తప్పెక్కడో కూడా చెప్పదు.

"అందరికీ ఒకటే ఇంటిపేరా?" అంది మొదటి రాత్రి.
"మరింక వెతకడానికేముంది?"
మాకు ఇంటిపేర్లుండవు.
తండ్రి పేరుకి కొడుకనో కూతురనో తగిలిస్తే అదే పేరు.
మరో తరానికి అదీ ఉండదు.

తొంభై ఒకటి ఆమెకి. కళ్లజోళ్లు రెండున్నా
భూతద్దమే కావాలి.
నేను టోపీల ఫ్యాషన్ చూసి ఏళ్లు లెక్కకడతాను,
ఫొటో వెనక చెరిగిన తేదీలు చదువుతాను.
ఆమె చేతులు చూస్తుంది. చేతులే.

"ఈ పిల్లని పనిమనిషి గడిలో పెట్టావు. కాదు.
బొటనవేలికి ఆ గుడ్డపీలిక చూడు.
ఉప్పు వేళ్లని తినేస్తుంది. మేమూ అలాగే చుట్టుకునేవాళ్లం,
హెర్రింగ్ చేప వచ్చిన వేసవుల్లో,
పీపాకింత అని కూలి,
రేవులో పడవ కూత వేస్తే ఏ జామైనా లేచి పరుగే.
ఇది చేపకి ఉప్పేసిన చెయ్యి.
బిస్కెట్ల మేడలోకి ఎందుకొచ్చిందో అది కనుక్కో."

కనుక్కున్నాను. తీగ లాగితే డొంకంతా కదిలింది.
రేవు ఊళ్లో బడి రిజిస్టరు, ఒక మంత్రసాని రసీదు,
అక్కా అని ఆ కుర్రాడు పిలిచే మనిషి
వాడి తల్లి.
టక్.
గుడ్‌ఫిన్నా చప్పట్లు కొట్టింది,
పక్క గదిలోంచి స్టెయిన్‌గ్రీమర్ గోడ బాదాడు.

ఇరవై ఆరు రాత్రులకి నలభై ఎనిమిది గడులు.
చివరిది ఒంటరి గడి, జత అక్కర్లేదు.
ఆ కుర్రాడి తండ్రి.
ఇద్దరికీ తెలిసిపోయింది: లెక్కలు రాసే గుమాస్తా,
వాడిలాగే ఎడమచేత్తో కలం పట్టేవాడు.
గుమాస్తా మొహాన్ని గడి దాకా లాక్కొచ్చాను.
ఆమె చెయ్యి నా చేతిమీద పడింది.

"నా పేరు పూర్తిగా చెప్పు."
"గుడ్‌ఫిన్నా హన్స్‌దోత్తిర్."
"హన్స్ ఎవరు?"
"మీ నాన్న."
"ఊరంతా అలాగే అనుకుంది. డెన్మార్క్ నావికుడని కొందరు,
మునిగిపోయాడని కొందరు.
ఇంతకీ మన భాషలో హన్స్ అంటే ఏమిటే?"
"అతని," అన్నాను. అని ఆగిపోయాను.
అతని కూతురు.
పాస్టరు అడిగితే వాళ్లమ్మ చెప్పింది అంతే,
పాస్టరు రాసుకున్నదీ అంతే.
తొంభై ఒక్కేళ్లుగా ఒక సర్వనామానికి కూతురు.

నవ్వుతూనే చెప్పింది. వేళ్లు దురదపెట్టింది నాకే.
చర్చి పుస్తకాలున్నాయి, రక్తపరీక్షలున్నాయి,
మూడు వారాలిస్తే కూపీ లాగేస్తాను.

"అమ్మకి తెలుసు," అంది. "తెలిసే పెట్టలేదు.
మీ ఆటకి ఆ తేడా తెలీదు, పాపం."

ఐదున్నరకి మంచు తోసే బండి వచ్చింది,
దాని పసుపు దీపం గది కప్పు మీద తిరిగి వెళ్లింది.
గుమాస్తాని తీసుకెళ్లి మళ్లీ మిగతా ఫొటోల్లో పడేశాను.
ఒక గడి మిగిలింది, నిజంగానే వెళ్లిపోతారా? అంది ఆట.
అవును మీద ఆమే నొక్కింది,
ఉప్పు తిన్న ఆ వంకర బొటనవేలితో.

"రేపు వేరే కుటుంబాన్ని పట్టుకురా," అంది దుప్పటి లాక్కుంటూ,
"ఇంటిపేర్లు లేనివాళ్లని."